ఇటుకల వాళ్ళ తర్వాత గుర్రాల వాళ్ళు

మంగళవారం ఉదయం ఆరు దాటాక మూడో గుంత తూర్పు గోడ కూలింది. గుంతలో ఎవరూ లేరు. అంతకుముందు రాత్రంతా వాన కురిసింది. గోడ మీద కప్పిన పరదా ఒక మూల ఊడి ఉండడం కాపలాదారు చూశాడు. దాన్ని కట్టడానికి తాడు తెచ్చేలోపు మట్టి జారిందని అతను చెప్పాడు. చప్పుడు పెద్దగా రాలేదట. "ఎవరో బస్తా దించినట్టు వినిపించింది, అంతే" అన్నాడు.

అది ఎవరో కట్టిన గోడ కాదు. తవ్వకాల్లో గుంతకూ గుంతకూ మధ్య కొంత మట్టిని తవ్వకుండా వదిలేస్తారు. గుంత లోతు పెరిగేకొద్దీ ఆ మట్టి పక్కన పొరలు బయటపడతాయి. ఏ పొర మీద ఏది పడిందో, ఎవరి తర్వాత ఎవరు వచ్చారో చూడాలంటే అక్కడే చూడాలి. తవ్వేసిన మట్టిని మళ్ళీ పేర్చలేరు. అందుకే తవ్వనిదాన్ని సాక్ష్యంగా ఉంచుతారు.

మూడో గుంత తూర్పు గోడలో నాలుగు రాజ్యాలు ఉండేవి. పుస్తకాల్లో వాటికి పొడుగాటి పేర్లున్నాయి. కూలీలు వాటిని తమ నోటికి తగ్గట్టు మార్చుకున్నారు. అడుగున మట్టిగోడల వాళ్ళు. వాళ్ళ మీద ఇటుకల వాళ్ళు. ఆ పైన, కళ్ళేల ముక్కలు దొరికాయి కనుక, గుర్రాల వాళ్ళు. అందరికంటే పైన సున్నం వాళ్ళు. "సున్నం వాళ్ళ మీద బస్సుల వాళ్ళు" అని తట్టలు మోసే గంపక్క వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. అది వాస్తవం. ఆ స్థలంలో బస్సు డిపో కట్టబోతున్నారు. శనివారం స్థలం అప్పగించాలి.

తవ్వకాల బాధ్యత చూసే ఆవిడకు యాభై దగ్గరపడ్డాయి. అక్కడ అందరూ ఆమెను చిన్నసారు అంటారు. ఇప్పుడు తవ్వుతున్న ఈ మిట్ట మీదే, కేకవేస్తే వినపడే దూరంలో, చాలా ఏళ్ళ కిందట మొదటి గుంత తవ్వించిన పెద్దసారు ఆమె తండ్రి. మేడం అని పిలవమని ఆమె మొదట్లో చెప్పి చూసింది. మేస్త్రీ ఒప్పుకోలేదు. "పెద్దసారు తర్వాత వచ్చేది చిన్నసారే కదండీ. రాజ్యం అన్నాక వరస ఉండాలి" అన్నాడు.

పెద్దసారు తవ్వించిన గుంత వెడల్పు తక్కువ, పొడవు ఎక్కువ. అందులో ఇటుకల వాళ్ళ పొరకూ గుర్రాల వాళ్ళ పొరకూ మధ్య ఈ చివర నుంచి ఆ చివర దాకా బూడిద వచ్చింది. ఊరి అవతలి కొండరాతి మీద గుర్రాల వాళ్ళ రాజు చెక్కించిన శాసనం ఒకటి ఉంది. "ఈ నగరాన్ని కాల్చాను. దాని బూడిద మీద నా నగరాన్ని నిలిపాను" అని ఉంది అందులో. పెద్దసారు ఆ రెండింటినీ కలిపి చదివారు. ఇటుకల వాళ్ళ నగరం ఒక్క రాత్రిలో తగలబడిందని రాశారు. అప్పటి నుంచి బడి పుస్తకాల్లో అదే ఉంది. కొత్తగా కడుతున్న మ్యూజియంలో రెండో గది ఇటుకల వాళ్ళది, మూడో గది గుర్రాల వాళ్ళది. రెండు గదుల మధ్య పెట్టబోయే ఫలకం మీద "నగరం దగ్ధమైంది" అన్న మాట ఉండాలని నిర్ణయమైంది.

చిన్నసారుకు దొరికినది వేరు. మూడో గుంత తూర్పు గోడలో ఒక పొయ్యి సగం కనిపించింది. దానికి రెండుసార్లు మట్టి పూశారు. మొదటి పూత కింద ఇటుకల వాళ్ళు వాడిన ఎర్రకుండల పెంకులున్నాయి. రెండో పూత కింద గుర్రాల వాళ్ళ నల్లకుండల పెంకులున్నాయి. రెండు పూతల మధ్య ఖాళీ లేదు, కూలిన ఇంటి మట్టి లేదు. అంటే రాజ్యం మారినా ఆ ఇంట్లో పొయ్యి ఆరలేదు. ఫలకం మీది మాట తప్పని ఆమె మ్యూజియం కమిటీకి చెప్పింది. ఫొటోలు పంపింది. ఫొటోలు చాలవని, శుక్రవారం వచ్చి మట్టిని చూసి తేలుస్తామని కమిటీ అధ్యక్షుడు కబురు చేశాడు. శనివారం తర్వాత చూడడానికి మట్టి ఉండదు.

గోడతో పాటు పొయ్యి కూడా కూలింది.

డిపో ఇంజనీరు ఎనిమిది కాకముందే వచ్చాడు. గుంత అంచుకు ఆమడ దూరంలో ఆగి మాట్లాడాడు.

"చూశారుగా మేడం. ఇంక చాలించండి. ఉన్నది ఉన్నట్టు ఇవాళే అప్పగించేయండి."

"కాగితం మీద శనివారం అని ఉంది."

"గోడ కాగితం చదివి కూలిందా? బతికుంటే బలుసాకు తినొచ్చు. రేపు ఎవరి మీదైనా పడితే ఎవరిది పూచీ?"

"నాది. మీ దగ్గర పలకలూ ఇనప గొట్టాలూ ఊరికే పడున్నాయిగా. గోడకు దన్ను పెట్టుకుంటాం, ఇవ్వండి."

"బావుంది. మిమ్మల్ని ఖాళీ చేయించడానికి వచ్చినవాణ్ణి నేను. నన్నే దన్ను అడుగుతున్నారా?"

"ఇంకెవర్ని అడగను? గొట్టాలున్నది మీ దగ్గరే."

అతను నవ్వాడు. మధ్యాహ్నానికి గొట్టాలు వచ్చాయి.

కూలిన మట్టిని జల్లెడ పడుతుండగా పొయ్యి ముక్క దొరికింది. చేటంత ఉంది. రెండు పూతలూ చెక్కుచెదరలేదు. మేస్త్రీ దాన్ని గోనెపట్టా మీద పెట్టి, చిన్నసారును పక్కకు పిలిచాడు.

"పొయ్యి బతికే ఉందండీ. గోడ చెక్కాక అక్కడే ఒక గూడు తీస్తాను. దీన్ని అందులో కూర్చోబెట్టి చుట్టూ అదే మట్టి మెత్తానంటే, పెట్టిన నాకే ఆనవాలు దొరకదు."

"ఆ పని చేసిన రోజు నుంచి నువ్వు ఇళ్ళకు సున్నం కొట్టుకోవాలి, నేను సంతలో బొమ్మలు అమ్ముకోవాలి."

"అబద్ధమేం కాదు కదండీ. నిన్నటిదాకా అక్కడ ఉన్నదేగా?"

"నిన్నటిదాకా ఉంది. ఇవాళ జారిన మట్టిలో దొరికింది. అలాగే చీటీ రాసి డబ్బాలో పెట్టు."

"యథార్థవాది లోకవిరోధి అని ఊరికే అనలేదు" అంటూ మేస్త్రీ చీటీ రాశాడు.

గోడ జారిన చోట మట్టి ఎగుడుదిగుడుగా ఉంది. అలాంటప్పుడు తవ్వకం వాళ్ళు మరో మూరెడు లోపలికి నిలువుగా చెక్కి, కొత్త ముఖం తీస్తారు. పాత ముఖంలో ఉన్నది కొత్త ముఖంలో ఉంటుందని నమ్మకం లేదు. పొయ్యి మిగిలి ఉండదు. అయినా కొత్త ముఖం తీయాలని చిన్నసారు నిర్ణయించింది. పైనున్న సున్నం వాళ్ళ పొర, గుర్రాల వాళ్ళ పొర కూడా కొలిచి, గీసి, ఆ తర్వాతే చెక్కాలని చెప్పింది. అంత తీరిక ఎక్కడిదని మేస్త్రీ అడిగాడు. కింది రాజ్యం కోసం పై రాజ్యాన్ని పారతో ఎత్తిపోసే పద్ధతి తన దగ్గర లేదని ఆమె బదులిచ్చింది.

ఆ సాయంత్రం ఇంట్లో పెద్దసారు ముందుగదిలో మోకాలికి పట్టీ చుట్టుకుంటున్నారు. ఆయనకు డెబ్బై ఎనిమిదేళ్ళు. కూతురు చెప్పులు విప్పకముందే అడిగారు.

"గోడ ఎందుకు కూలింది?"

"వాన నాన్నా."

"వాన అన్ని గోడల మీదా కురిసింది. పరదా ఎవరు కట్టారు?"

"నేనే కట్టించాను."

"మా రోజుల్లో పరదా అంచుల మీద రాళ్ళు పెట్టేవాళ్ళం."

"నీ గుంత వెడల్పుకి పరదా దేనికి నాన్నా? గొడుగు చాలు."

వంటింట్లోంచి తల్లి నవ్వింది. "కాళ్ళు కడుక్కుని రండి ఇద్దరూ. వేల ఏళ్ళ దుమ్మును కుంచె పట్టుకుని దులుపుతారు. ఈ ఇంట్లో ఫ్యాను మీది దుమ్ముకి మాత్రం నేనే కావాలి."

భోజనాల దగ్గర పెద్దసారు మళ్ళీ ఎత్తుకున్నారు.

"శుక్రవారం వాళ్ళకేం చూపిస్తావు?"

"కొత్త ముఖం తీస్తున్నాను. అందులో ఏముంటే అది."

"బూడిద ఉంటే?"

"బూడిదే చూపిస్తాను."

"మాట మీద నిలబడతావా?"

"నీ కూతుర్ని కదా."

"అదే నా భయం."

"ఇద్దరూ ఇద్దరే" అంది తల్లి. "మూర్ఖత్వానికి శాసనం చెక్కించాలంటే మనింటి గోడ మీదే చెక్కించాలి."

"రేపు నేనూ వస్తాను" అన్నారు పెద్దసారు.

"మోకాలో?"

"అదీ వస్తుంది."

బుధవారం ఉదయం ఆయనకు గుంత అంచుకు దూరంగా కుర్చీ వేశారు. ఇనప గొట్టాలు బిగించి, పలకలు అడ్డం పెట్టి, పై నుంచి చెక్కడం మొదలుపెట్టారు. గోడ నిలువు తప్పకుండా దారానికి గుండు కట్టి వేలాడదీశారు. సున్నం వాళ్ళ గచ్చు దాటింది. గుర్రాల వాళ్ళ మట్టి దాటింది. భోజనాల వేళకు ముందు మేస్త్రీ తాపీ ఆగింది.

అతని ముందు బూడిద ఉంది. గోడ ఉత్తరం కొస నుంచి దక్షిణం కొస దగ్గర దాకా, మోకాలెత్తున, ఇటుకల వాళ్ళకూ గుర్రాల వాళ్ళకూ సరిగ్గా మధ్య.

గంపక్క తట్ట కింద పెట్టింది.

"పెద్దసారు గెలిచారు" అని మేస్త్రీ గొంతు తగ్గించి అన్నాడు.

పై నుంచి పెద్దసారు అడిగారు. "ఏమిటి ఆపేశారు?"

"బూడిద సార్" అంది చిన్నసారు. పనిచోట ఆమె ఆయన్ని నాన్న అనదు.

"ఎంత మందం?"

"మోకాలెత్తు."

"అడుగున మట్టి ఎర్రబడిందా?"

"అంత కిందికి పోలేదు సార్."

ఆమె నిచ్చెన అడుగు మెట్టు మీద కూర్చుంది. గోడ కొత్త ముఖం మీద నీళ్ళు చిలకరించమని కూలీలకు చెప్పింది. తడిసిన బూడిదలో గీతలు కనిపించాయి. ఒక తెల్ల గీత, దాని మీద నల్లది, మళ్ళీ తెల్లది. ఒక్కోటి వేలెడు మందం. కొన్ని అంతకన్నా తక్కువ.

ఇల్లు కాలితే మిగిలే బూడిద వేరు, పొయ్యిలోంచి తీసి పోసే బూడిద వేరు. కాలిన ఇంటి బూడిదలో పైకప్పు మట్టి పెళ్ళలు, మాడిన దూలాలు ఉంటాయి. దాని అడుగున నేల వేడికి ఎర్రబడుతుంది. పొయ్యి బూడిదను రోజూ ఒకే చోట పోస్తే అది పొరలు పొరలుగా పేరుకుంటుంది. ఈ బూడిద ఏ రకమో గీతలను బట్టి ఊహించవచ్చు. కమిటీకి ఊహ చాలదు.

"సంచులు తెప్పించు" అంది మేస్త్రీతో. "చేతి వెడల్పున ఒక నిలువు పట్టీ తీస్తున్నాం. పై గీత నుంచి కిందికి. గీతకో సంచి. ఒక గీతలో పెంకు ఇంకో గీత సంచిలో పడకూడదు."

"గీతకో సంచా?" మేస్త్రీ గోడ వంక చూశాడు. "ఎన్ని గీతలున్నాయో చూశారా అండీ? శుక్రవారం వాళ్ళు వచ్చేసరికి మనం సగంలో ఉంటాం."

"సగమే చూపిస్తాం."

పెద్దసారు కుర్చీలోంచి అన్నారు. "ఒక రాత్రి బూడిదకు అన్ని సంచులెందుకు? మేం మంటకు ఒకే సంచి పెట్టేవాళ్ళం. మంట ఒకటి కదా."

"ఒక రాత్రిదో కాదో సంచులే చెప్పాలి సార్."

"మొండిఘటం" అన్నారాయన. ఎవరితోనూ కాదు.

ఆ మధ్యాహ్నం నుంచి గీతలు తీశారు. చిన్నసారు తాపీ పట్టింది. మేస్త్రీ సంచి పట్టాడు. గంపక్క సంచులు మోసింది, పెంకులు కడిగింది, ఆరబెట్టింది. "రాణుల గాజులు దొరుకుతాయని ఈ పనిలోకొచ్చాను. చివరికి ఎవరో పారబోసిన బూడిద కడుగుతున్నాను" అని ఆమె అంది. "రాణి పొయ్యి బూడిదే అనుకో అక్కా" అన్నాడు మేస్త్రీ. "రాణి పొయ్యి ఊడ్చిన దానికి కూడా నాలాగే నడుం నొప్పి ఉండి ఉంటుంది" అంది గంపక్క.

గురువారం మధ్యాహ్నానికి పట్టీ అడుగు దాకా పూర్తయింది. షెడ్డులో బల్లల మీద పళ్ళేలు వరసగా పెట్టారు. గోడలో ఏ గీత ఎక్కడ ఉందో బల్ల మీద ఆ గీత పెంకులు అదే వరసలో ఉన్నాయి.

కింది పళ్ళేలలో ఎర్రకుండ పెంకులే ఉన్నాయి. పై పళ్ళేలలో నల్లకుండ పెంకులే ఉన్నాయి. మధ్య పళ్ళేలలో రెండూ ఉన్నాయి. మొదట ఎరుపు ఎక్కువ, నలుపు తక్కువ. పైకి పోయేకొద్దీ నలుపు పెరిగింది. చేప ముళ్ళు, గింజల పొట్టు అన్నిటిలో ఉన్నాయి. మాడిన దూలం ఒక్కదాంట్లోనూ లేదు.

గోడ దక్షిణం కొసన బూడిద ఆగిపోయిన చోట ఒక ఇంటి మూల బయటపడింది. దానికి గడప ఉంది. గడప రాతి మీద ఇంకో గడప రాయి ఉంది. బయట బూడిద పెరిగి గుమ్మంలోకి వస్తుంటే ఆ ఇంటివాళ్ళు గడప ఎత్తు చేసుకున్నారు. కింది రాయి కింద ఎర్ర పెంకులు. పై రాయి కింద నల్ల పెంకులు. గుమ్మం ఒకటే.

పెద్దసారు పళ్ళేల ముందు చాలాసేపు నిలబడ్డారు. భూతద్దంతో మధ్య పళ్ళేలను చూశారు. తర్వాత గుంత దగ్గరికి నడిచారు.

"నన్ను దించండి."

"వద్దు సార్" అంది చిన్నసారు.

"గోడను మనుషులు చదవాలి అని నువ్వేగా అంటావు. నేను మనిషిని కానా?"

మేస్త్రీ కింద నుంచి పట్టుకున్నాడు. ఇద్దరు కూలీలు పై నుంచి పట్టుకున్నారు. ఆయన ఒక్కో మెట్టు మీద ఆగుతూ దిగారు. కూతురి చేతిలోంచి తాపీ తీసుకుని బూడిద అడుగును గీకారు. మట్టి కొంచెం అరచేతిలో వేసుకుని తడిపి, వెలుతురులో పెట్టి చూశారు. ఇంకో చోట గీకారు. ఇంటి మూల దగ్గర గోడ పూతను కూడా గీకారు.

"ఎర్రబడలేదు" అన్నారు.

తాపీ కూతురికి తిరిగి ఇచ్చి పైకి చూశారు.

"దారం ఉందా?"

దారం తెచ్చారు. బయటపడిన ఇంటి గుమ్మం గోడ ఏ దిక్కుకు సాగుతోందో ఆ దిక్కుకు దారాన్ని లాగమన్నారు. గుంత పైకి తీసి, మిట్ట మీదుగా సాగదీయమన్నారు. మేస్త్రీ ఒక కొస పట్టుకుని నడిచాడు. డిపో హద్దు రాయి దాటాడు. దారం పెద్దసారు పాత గుంతలోకి, దాని పొడవు వెంటే పోయింది.

పెద్దసారు కింద నుంచి అరిచి అడిగారు. "ఎక్కడికి పోయింది?"

"మీ గుంతలోకేనండీ. పొడవునా."

ఆయన నిచ్చెన పట్టుకుని నిలబడ్డారు. "అక్కడ మట్టి మెత్తగా ఉండేది" అన్నారు కూతురితో. "ఒక్క గోడ కూడా అడ్డం రాలేదు. చకచకా దిగాం. అదృష్టం కలిసొచ్చిందనుకున్నాను."

"సందు సార్ అది. అందుకే గోడలు రాలేదు. అన్ని ఇళ్ళ బూడిదా అక్కడే పోశారు."

"నాకూ కళ్ళున్నాయి." కాసేపటికి మళ్ళీ అన్నారు. "నీ సందులో బూడిద పొయ్యిలది. నా దగ్గరి బూడిదా పొయ్యిలదే అని నువ్వు చూశావా?"

"చూడలేదు."

"చూడనిది చెప్పకు."

"చెప్పను. ఈ గుంత గురించే చెబుతాను."

శుక్రవారం మధ్యాహ్నం కమిటీ వచ్చింది. ముగ్గురు. అధ్యక్షుడు ఒకప్పుడు పెద్దసారు దగ్గర పని నేర్చుకున్నవాడు. రెండో ఆయన మ్యూజియం అధికారి. మూడో ఆయన శాసనాలు చదివే పండితుడు. ముందు పళ్ళేలు చూశారు. తర్వాత గుంతలోకి దిగారు.

"రాజు స్వయంగా కాల్చానన్నాడు కదమ్మా" అన్నాడు పండితుడు. "రాతి మీద చెక్కించాడు. అంతకన్నా ఏం కావాలి?"

"గెలిచినవాడు గోరంతను కొండంత చేసి చెక్కిస్తాడండీ. చెక్కేవాడికి బువ్వ పెట్టేది రాజే. ఈ బూడిద పోసినవాళ్ళకు అలాంటి మొహమాటం లేదు."

"ఇది ఒక్క సందు" అన్నాడు మ్యూజియం అధికారి. "ఊరంతా కాలలేదని మీరెలా అంటారు?"

"అనను. ఈ సందు కాలలేదు. ఈ ఇళ్ళు ఖాళీ కాలేదు. అంతే అంటాను. ఊరంతా కాలిందని రాసింది కూడా ఒక్క గుంత చూసే కదండీ."

అధ్యక్షుడు గోడలో ఆమె తీసిన పట్టీని చూశాడు. "ఇది మీరు తీసింది. మీకు కావలసినట్టు వచ్చింది. పక్కన ఇంకో పట్టీ నేను తీస్తాను. అభ్యంతరమా?"

"తాపీ ఇదిగో."

అతను చొక్కా చేతులు మడిచాడు. పండితుడు సంచులు పట్టాడు. అంత పొడుగునా తీయడానికి వ్యవధి లేదు కనుక అడుగున కొన్ని గీతలు, మధ్యలో కొన్ని, పైన కొన్ని తీశారు. ఏవి తీయాలో మ్యూజియం అధికారి వేలు పెట్టి చూపించాడు. చిన్నసారు నిచ్చెన దగ్గర చేతులు కట్టుకుని నిలబడింది. ఒక్కసారి మాత్రం మాట్లాడింది. "రెండు గీతలు కలిపేస్తున్నారు, చూసుకోండి" అంది. అధ్యక్షుడు చూసుకున్నాడు.

పెంకులు గంపక్కే కడిగింది. పండితుడే పళ్ళేలలో పోశాడు. అడుగున ఎరుపు. మధ్యలో రెండూ. పైన నలుపు.

అధ్యక్షుడు చేతులు తుడుచుకుని, షెడ్డు గుమ్మంలో కుర్చీలో కూర్చున్న పెద్దసారు దగ్గరికి వెళ్ళాడు.

"సార్, ఒక్క మాట అడగాలి. మీ గుంత బూడిదలో రెండు రకాల పెంకులూ ఉన్నాయని రాశారు."

"రాశాను."

"అవి ఏ వరసలో వచ్చాయి?"

"వరస చూడలేదు. ఒకే సంచిలో వేశాం."

"రెండూ కలిసి ఉండడమే యుద్ధానికి గుర్తు అని మాకు పాఠం చెప్పారు."

"చెప్పాను. కొట్టుకున్న ఇద్దరి కుండలూ అక్కడే పగిలాయనుకున్నాను." పెద్దసారు భూతద్దం జేబులో పెట్టుకున్నారు. "ఒకే సంచిలో వేస్తే ఏవైనా కలిసే ఉంటాయి నాయనా."

అధ్యక్షుడు బల్ల దగ్గరికి తిరిగి వెళ్ళాడు.

ఫలకం మాట మీద చర్చ షెడ్డులోనే జరిగింది. "నగరం దగ్ధమైంది" అన్నది తీసేయాలని ముగ్గురూ ఒప్పుకున్నారు. దాని చోట ఏం రాయాలన్నది తెగలేదు. "ప్రజలు కొనసాగి ఉండవచ్చు" అని రాద్దామని మ్యూజియం అధికారి అన్నాడు.

"ఉండవచ్చు ఏమిటండీ?" అంది చిన్నసారు. "గడప ఎత్తు చేసుకున్నారు. పొయ్యి ఊడ్చారు. కుండ పగిలితే కొత్త రాజు సంతలో కొత్త కుండ కొన్నారు. ఉన్నారు."

"ఊరంతటికీ ఆ మాట అనలేం."

"ఊరు అనకండి. సందు అనండి. కానీ ఉండవచ్చు అనకండి."

అధ్యక్షుడు రెండుసార్లు రాసి కొట్టేశాడు. మూడోసారి రాసినదాన్ని బయటికి చదివాడు. "రాజ్యం మారినప్పుడు ఈ సందులో ఇళ్ళు ఖాళీ కాలేదు." ముగ్గురూ సంతకాలు చేశారు. చీకటి పడకముందే వెళ్ళిపోయారు.

శనివారం ఉదయం స్థలం అప్పగించారు. మూడో గుంతలో కాంక్రీటు కంటే ముందు ఇసుక పోయాలని చిన్నసారు అడిగింది. మళ్ళీ ఎప్పుడైనా ఎవరైనా తవ్వితే, తాము ఎక్కడ ఆపారో ఇసుక చెబుతుందని వివరించింది. "డిపో పగలగొట్టి తవ్వుతారా మేడం?" అన్నాడు ఇంజనీరు. "మీరేమైనా శాశ్వతమనుకుంటున్నారా?" అంది ఆమె. అతను ఇసుక పోయించాడు. గొట్టాలు లెక్క చూసుకుని తీసుకెళ్ళాడు.

పెద్దసారు పాత గుంత డిపో హద్దుకు అవతల ఉంది. దానిలో ఒక పక్క గోడ ఇంకా నిలిచి ఉంది. అక్కడి బూడిద పొయ్యిలదో మంటదో తేల్చుకోవడానికి దాని ముఖం మూరెడు చెక్కాలని, అందుకు అనుమతి కావాలని ఆయన శనివారమే అధ్యక్షుడిని అడిగారు. అనుమతి సోమవారం వచ్చింది.

మంగళవారం ఉదయం మేస్త్రీ, గంపక్క, మరో ఇద్దరు కూలీలు అక్కడ పని మొదలుపెట్టారు. చిన్నసారు గుండు తాడు కట్టింది. పెద్దసారు మోకాలికి పట్టీ బిగించుకుని గుంతలోకి దిగారు. మధ్యాహ్నం దాటాక బూడిద పై అంచు కనిపించింది.